చేతి బిగువు

వీధిలో అందరూ ఆమెను సీట్లమ్మ అంటారు. ఆటో సీట్లు, మోటారు సైకిలు సీట్లు, సినిమా హాలు కుర్చీలు, పళ్ళ డాక్టరు గారి వాలుకుర్చీ, ఆ చుట్టుపక్కల మనుషులు నడుం వాల్చే ప్రతిదీ ఏదో ఒకనాడు ఆమె మిషను కింద నుంచి వెళ్ళినదే. "ఊళ్ళో పెద్దమనుషులంతా నా కుట్ల మీద కూర్చునే పెద్దమనుషులయ్యారు" అని ఒకప్పుడు పెద్దగా నవ్వేది. ఆమె ఏం చేసినా పెద్దగానే చేసేది. సందు మొదట్లో ఎవరైనా చెత్త పారబోస్తే మిషను తొక్కడం ఆపకుండానే ఇక్కణ్ణుంచి కేక వేసేది. ఆ కేకకి చెత్త దానంతటదే వెనక్కి వెళ్ళిపోతుందని చెప్పుకునేవారు. మొగుడు ఆమెకు సైరన్ అని పేరు పెట్టాడు.

మొగుడు లేత్ మేస్త్రి. ఇనప కడ్డీని ఏ కొలతకి కావాలంటే ఆ కొలతకి చెక్కే పని. ఎండలు ముదురుతున్న ఒక ఆదివారం అతను ఇంటి వెనక షెడ్డులో పనిలో ఉన్నాడు. ఆమె వంటింట్లోంచి తిండికి పిలిచింది.

"ఇంకో రెండే ఉన్నాయి, వస్తున్నా" అన్నాడు.

"అవెక్కడికీ పోవులే, ముందు నువ్వు రా!" అని సందంతా వినబడేలా అరిచింది.

అతను వచ్చాడు. చేతులు కడుక్కున్నాడు. తువ్వాలు అందుకోబోయి గుమ్మంలో కూలబడ్డాడు. తువ్వాలు ఆమె చేతిలో ఉంది. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది. డాక్టరు వచ్చి, చూసి, వెళ్ళిపోయాక కూడా ఆ చెయ్యి అలాగే ఉందని కూతురు తరవాత చెప్పింది.

ఆమె ఏడవలేదు. ఏడుద్దామని కూర్చుంది కూడా. రాలేదు. మిషనులో దారం తెగిపోయినా సూది ఊరుకోదు, గుడ్డ మీద పైకీ కిందకీ ఆడుతూనే ఉంటుంది. చప్పుడు వస్తుంది, కుట్టు పడదు. రోజులు అలా నడిచాయి. ఎవరేమన్నా "ఊ" అనేది. పక్కింటావిడ వచ్చి, "ఒక్కసారి గట్టిగా ఏడువమ్మా, గుండె తేలికవుతుంది" అంటే "ఊ" అంది. "పొయ్యి మీద కూర మాడుతోందమ్మా" అంటే కూడా "ఊ" అంది.

సందు మొదట్లో చెత్త పేరుకుంది.

షెడ్డులో ఉన్నది కారు. ఎప్పుడో అమెరికాలో పుట్టిన ప్లిమత్. పడవంత పొడుగు. వెనక రెండు వైపులా చేప రెక్కల్లాంటి రేకులు, మధ్యలో ఎవరికీ పనికిరానంత పెద్ద డిక్కీ. మూతపడ్డ మిల్లు వెనక గడ్డిలో మోకాళ్ళ మీద కూలిపోయి ఉంటే మేస్త్రి చూసి మనసు పారేసుకున్నాడు. లారీకి గొలుసు కట్టి ఈడ్చుకుని వచ్చారు. చక్రాలకి రబ్బరు లేదు, రోడ్డంతా గీరుకుపోయింది. సీట్లమ్మ గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నా మీదికి సవతిని తెచ్చావా?"

"సవతా! వయసు చూడు. అత్తగారనుకో. మర్యాదగా పిలువు."

అప్పటినుంచి ఆ కారు పేరు పెద్దావిడ. "పెద్దావిడకి ఒంట్లో ఎలా ఉంది?" అని సందులో వాళ్ళు కూడా అడిగేవారు. ఆరోజు గొలుసు విప్పి షెడ్డు గోడకి మేకు కొట్టి తగిలిస్తూ మేస్త్రి ఒక మాట అన్నాడు. "గొలుసుతో వచ్చింది. పోవడమంటూ జరిగితే తన కాళ్ళ మీద తనే పోవాలి."

ఆదివారాలన్నీ పెద్దావిడవే. దొరకని సామాను అతను లేత్ మీద తనే చేసుకునేవాడు. దొరికినదాన్ని తుప్పు గీకి, నూనెలో నానబెట్టి, పసిపిల్లకి తలంటినట్టు రుద్దేవాడు. కిందటేడు ఇంజిను గొంతు విప్పింది. ముందు సీటు ఆమె కుట్టింది, ముదురు ఆకుపచ్చ రెక్సిను, అంచుకి తెల్ల దారం. వెనక సీటు ఇంకా ఉట్టి స్ప్రింగులే.

అతనికి ఒక పద్ధతి ఉండేది. ఏ బోల్టునీ ఒకేసారి బిగించేవాడు కాదు. ముందు అన్నిటినీ వేళ్ళతో ఎక్కినంతవరకు ఎక్కించేవాడు. దాన్ని చేతి బిగువు అనేవాడు. చూసేవాళ్ళకి అంతా అమరినట్టే ఉంటుంది. చుట్టూ ఉన్న సామానంతా తమ తమ చోట్లలో సర్దుకుని కూర్చున్నాకే స్పానరు పట్టేవాడు. స్పానరు పట్టిన బోల్టుకి మాత్రం ఒక ఎర్ర చుక్క. అది సీట్లమ్మ గోళ్ళరంగు. సూది గుచ్చుకున్న మచ్చలు కనబడకూడదని ఆమె గోళ్ళకి రంగు వేసుకునేది. సీసా సగం కాకముందే షెడ్డులోకి వెళ్ళిపోయేది.

"నా గోళ్ళకన్నా నీ ముసలిదాని బోల్టులు అందంగా ఉన్నాయి" అనేది ఆమె.

"చుక్క ఉంటే నమ్ము. లేకపోతే అది ఇంకా మాటే, పని కాదు" అనేవాడు అతను.

*

ఇల్లు అద్దెకిచ్చి మేడ మీద ఉండే ఇంటాయన మంచివాడు. చాలా రోజులు ఆగి వచ్చాడు. వరండాలో స్టూలు మీద కూర్చుని నేల వైపు చూస్తూ మాట్లాడాడు.

"మా అమ్మ ఇక మెట్లెక్కలేదమ్మా. షెడ్డు తీసేసి ఆవిడకి కిందే ఒక గది వేద్దామని. నెలాఖరుకి పనివాళ్ళు వస్తారు."

"ఊ."

"ఆ కారు సంగతి... పాతినుప సామాను కొనే అతనితో మాట్లాడాను. లారీ, గొలుసు తనే తెచ్చుకుంటాడట. మీరు చెయ్యి కూడా వెయ్యక్కర్లేదు."

"ఊ."

ఇంటాయన ఆ రెండో "ఊ"ని ఒప్పుకోలు అనుకుని లేచాడు. అదే సమయానికి టిఫిను డబ్బా ఊపుకుంటూ మరిది వచ్చాడు. మేస్త్రికి ఒక్కగానొక్క తమ్ముడు, స్కూలు బస్సు నడుపుతాడు. మాట విన్నాడు, డబ్బా కింద పెట్టాడు.

"గొలుసా? మా అన్న వింటే లేచొచ్చి తంతాడు. వదినా, మా బస్సులు పెట్టే షెడ్డులో ఒక మూల ఇమ్మని ఓనరుని బతిమాలాను. సరే అన్నాడు. రెండు సందుల అవతలే కదా. వచ్చే ఆదివారం పెట్రోలు పోసి, బ్యాటరీ పెట్టి, నేనే నడుపుకుపోతాను. పెద్దావిడ తన కాళ్ళ మీద తనే పోతుంది. ఏమంటావ్?"

ఆమె అతని మొహం వంక కాసేపు చూసింది. అన్నదమ్ములిద్దరికీ ఒకటే ముక్కు. అది ఆమెకు తెలుసు. తెలిసింది, అంతే.

"ఊ" అంది.

శనివారం మధ్యాహ్నం ఆమె ఆటో సీట్లు ఇచ్చిరావడానికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి షెడ్డంతా థిన్నరు వాసన. మరిది, అతని స్నేహితుడైన పెయింటరు, చొక్కాలు విప్పి, చంకలదాకా నలుపుతో నిలబడి ఉన్నారు. కారు మెరుస్తోంది. పైన మాత్రమే కాదు, కింద కూడా. చక్రాల నట్లు కొత్త నాణేల్లా ఉన్నాయి.

"ఎలా ఉంది వదినా? పెద్దావిడకి పెళ్ళికూతురు కళ వచ్చింది!"

"కింద దూరి మరీ కడిగామక్కా" అన్నాడు పెయింటరు. "తుప్పు చుక్కలు. ఎర్రగా, ఎక్కడ చూసినా. వదల్లేదంటే నమ్మండి, గోటితో గీకి గీకి తీశాం."

కళ్ళద్దాల షాపులో పని ముగించుకుని అప్పుడే వచ్చిన కూతురు చేతిసంచి దించకుండానే ఆగిపోయింది. "బాబాయ్, ఎర్ర చుక్కలా? అన్నీనా?"

"అన్నీనే. ఒక్కటి మిగల్చలేదు. ఏం?"

"అవి తుప్పు కాదు బాబాయ్. అమ్మ గోళ్ళరంగు. నాన్న బిగించినవాటికి పెట్టుకున్న గుర్తులు. అవి లేకపోతే ఏది బిగించాడో, ఏది ఊరికే వేళ్ళతో ఎక్కించి వదిలాడో ఎవరికి తెలుస్తుంది? కదిలితే చక్రం ఊడిపోవచ్చు."

మరిది చేతిలో గుడ్డ ఉంది. దాని మీద లేత గులాబీ మరకలు. వాటిని చూశాడు. గుడ్డని వెనక్కి దాచుకున్నాడు, చాక్లెట్ దొంగిలించి దొరికినవాడిలా.

"ఛ. నేనేదో సాయం చేద్దామని... నా తెలివి తెల్లారినట్టే ఉంది."

"తుడిచేముందు అడగొచ్చుగా బాబాయ్!"

"ఎవర్ని అడగనే? మీ అమ్మనడిగితే ఊ అంటుంది!"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. సీట్లమ్మకి ఆ మాట తగల్లేదు. ఆమె వంగి ముందు చక్రం నట్టు ఒకటి వేలితో తడిమి చూసింది. చల్లగా, నున్నగా, ఏ ఆనవాలూ లేకుండా ఉంది.

"పోనీ అన్నిటినీ ఇప్పుడే గట్టిగా బిగించి పారేస్తే? పోయేదేముంది?" అంటూ మరిది బస్సు స్పానరు తెచ్చి ఇంజిను దిమ్మ దగ్గర ఒక బోల్టుకి తగిలించి, పళ్ళు బిగబట్టి లాగాడు. టప్ మంది. బోల్టు తల అతని చేతిలోకి వచ్చేసింది.

"అది నాన్న బిగించినదే అన్నమాట" అంది కూతురు నీరసంగా. "పాత బోల్టులు బాబాయ్. బిగిసినదాన్ని ఇంకా బిగిస్తే తెగిపోతాయి. నీదసలే దున్నపోతు చెయ్యి. పైగా నీ స్పానరు మిల్లీమీటర్లది, ఇవి అంగుళాల బోల్టులు. తల అరిగిపోతుంది."

పెయింటరు చొక్కా తొడుక్కున్నాడు, గుండీలు తప్పు బొక్కల్లో పెట్టుకుంటూ. గోడకి గొలుసు వేలాడుతోంది. దాన్ని కూడా కడిగి పెట్టారు.

*

మర్నాడు ఉదయం మరిది పెట్రోలు డబ్బా పట్టుకుని, కారు కదలదని చెప్పడానికి మాటలు కూడబలుక్కుంటూ వచ్చాడు. షెడ్డులో కారు కింద నుంచి రెండు పాదాలు కనిపించాయి. అన్న పాదాలు కావు. మెట్టెల్లేవు, చెప్పుల్లేవు, మడమల దగ్గర పగుళ్ళు. మిషను తొక్కే పాదాలు.

మేస్త్రి కారు కింద దూరడానికి చిన్న చక్రాలున్న ఒక పలక చేసుకున్నాడు. తల కింద పెట్టుకోవడానికి రెక్సినుతో దిండు ఆమె కుట్టి ఇచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె దాని మీద ఎప్పుడూ పడుకోలేదు. ఇప్పుడు పడుకుంది. దిండు మధ్యలో గుంట ఉంది. అందులో తల పెట్టింది. ఆమె తలకి ఆ గుంట పెద్దది. అదొక్కటే అనిపించింది, ఇంకేమీ అనిపించలేదు.

పైన ఇనుము. ముక్కుకి జానెడు దూరంలో గొట్టాలు, కడ్డీలు, వాటిని పట్టుకున్న బోల్టులు. అతను ఆదివారాలన్నీ ఇక్కడుండేవాడు. ఇదా, అనుకుంది.

మిషనులో దారం బిగువు సరిగ్గా ఉందో లేదో ఆమె చూపుడువేలితో తాకి చెప్పగలదు. వేలికొస మొద్దుబారి ఎన్నేళ్ళో అయింది, సూది దిగినా తెలియదు. కానీ దారం బిగువు తెలుస్తుంది. బోల్టుకి తగిలించిన స్పానరు కొసని అదే వేలితో మెల్లగా నొక్కింది. కదల్లేదు. బిగువే. పక్కది నొక్కింది. కదల్లేదు.

"చుక్క పెట్టాలి" అంది కింద నుంచి.

షెడ్డు గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడ్డ కూతురు బాబాయి వైపు చూసింది. బాబాయి కూతురి వైపు చూశాడు. రెండు నెలల్లో ఆమె "ఊ" కాకుండా అన్న మొదటి మాట అది. కూతురు గ్లాసులు పెట్టేసి ఇంట్లోకి పరిగెత్తింది. ఎర్ర సీసా ఎండిపోయి బిరడా రాలేదు. తన సంచిలోంచి తన సీసా తెచ్చింది. నీలం, అందులో మెరుపులు.

ఆమె కింద నుంచి చెయ్యి చాచి సీసా అందుకుని, ముఖం ముందు పెట్టుకుని చూసింది. "ఇదేం రంగే" అని లోపల్లోపలే గొణిగి, తెరిచింది.

పని నడిచింది. ఆమె "అర అంగుళం" అంటే కూతురు ఆ స్పానరు అందించింది. "పెద్దది" అంటే పెద్దది. మరిది టార్చి పట్టుకుని బోర్లా పడుకున్నాడు. తెగిన బోల్టు ముక్కని తీసి, బదులు మేస్త్రి సామాను డబ్బాలోంచి అలాంటిదే వెతికి వేశారు. నొక్కడం, కదల్లేదని తెలుసుకోవడం, చుక్క. నొక్కడం, కదల్లేదు, చుక్క. అతను ముందు నుంచి వెనక్కి, కుడి నుంచి ఎడమకి పని చేసుకుంటూ వచ్చాడని ఆమె చేతికి మెల్లగా అర్థమైంది. ప్రతి బోల్టూ ఒకే బిగువు. ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఒకే మనిషి ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెబుతున్నట్టుంది. వింటోంది. ఏ భావమూ లేదు. వింటోంది.

"అన్నీ బిగించేసే పోయినట్టున్నాడు వదినా" అన్నాడు మరిది. "మనమే అనవసరంగా భయపడ్డాం."

ఆమె పలక జరుపుకుని బయటికి వచ్చింది. ఇక చక్రాలు. కారు ఇంకా నాలుగు చెక్క దిమ్మల మీదే ఉంది. కుడివైపు రెండూ బిగువే. ఎడమ ముందుది బిగువే. ఎడమ వెనకది మిగిలింది. మరిది ఆత్రంగా వంగి చక్రాల స్పానరు తగిలించాడు.

"దీన్ని నేను చూస్తాలే, నువ్వు టీ తాగు."

"అటు కాదు" అంది ఆమె.

"ఏంటి?"

"ఎడమకి."

పెద్దావిడకి ఎడమవైపు చక్రాల మర తిరగేసి ఉంటుంది. అన్ని బండ్లకీ కుడికి తిప్పితే బిగిసే నట్టు, ఇక్కడ ఎడమకి తిప్పితే బిగుస్తుంది. "ముసలిది ఇటు రమ్మంటే అటు పోతుంది, అచ్చం నీలాగే" అని మేస్త్రి ఆమెని ఉడికించేవాడు. మరిది స్పానరు వదిలేసి చేతులెత్తి పక్కకి తప్పుకున్నాడు.

ఆమె చక్రం ముందు బాసింపట్టు వేసుక్కూర్చుంది. అయిదు నట్లు. అతను వాటిని వరసగా బిగించడు, ఒకటి బిగించి, పక్కదాన్ని వదిలి, దాటి వెళ్తాడు, చక్రం ఒక పక్కకి ఒరగకుండా. ఆమె పై నట్టుని వేలితో నొక్కింది. కదల్లేదు. దాటి నొక్కింది. కదల్లేదు. మళ్ళీ దాటింది. కదల్లేదు. తరవాతిదాన్ని నొక్కింది.

తిరిగింది.

ఏ బరువూ లేకుండా, మెత్తగా, వేలి కిందే తిరిగింది. చివరిదాన్ని ముట్టుకుంది. అదీ తిరిగింది. చేతి బిగువు.

ఇంకో రెండే ఉన్నాయి, వస్తున్నా.

వంటింటి కిటికీ షెడ్డుకి ఎదురుగానే ఉంది. రెక్కలు తెరిచే ఉన్నాయి. ఇక్కణ్ణుంచి చూస్తే పొయ్యి కనిపిస్తుంది, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి మొహం కనిపిస్తుంది. అతనికి రోజూ కనిపించి ఉంటుంది. ఆమె ఆ కిటికీ వంక చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా" అంది కూతురు. "ఏంటమ్మా?"

"రెండు" అంది ఆమె. "ఎక్కడికీ పోలేదు."

కూతురికి అర్థమైంది. ఆరోజు ఆ కేక ఆమె కూడా వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. సీట్లమ్మ కళ్ళు పొడిగానే ఉన్నాయి. స్పానరు తగిలించి ఎడమకి నొక్కింది. నట్టు కాస్త ఖాళీగా తిరిగి, ఇనుముకి ఆనుకుని, ఆగింది. ఇంకొంచెం నొక్కింది. పక్కన అతను బిగించినదాన్ని ఒకసారి వేలితో విని, మళ్ళీ తనదాన్ని విని, ఇంకొంచెం నొక్కింది. రెండూ ఒకటయ్యాక ఆపింది. చివరిది కూడా అలాగే.

ఆ రెండిటికీ నీలం చుక్క పెట్టింది. మిగతా మూడింటికీ పెట్టలేదు.

"అవి?" అన్నాడు మరిది.

"అవి ఆయన చూసుకున్నాడు" అంది.

*

దిమ్మలు తీసి కారుని నేల మీదికి దించేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. మరిది చాలాసేపు తిప్పితే ఇంజిను దగ్గింది, ఇంకోసారి దగ్గింది, తరవాత గొంతు సవరించుకున్న పెద్దవాళ్ళలా ఒకే స్థాయిలో మాట్లాడడం మొదలుపెట్టింది. ఇంటాయన మేడ మీంచి తొంగిచూశాడు. ఆయన వెనక కుర్చీలో వాళ్ళమ్మ, "ఎవర్రా వచ్చింది?" అంటోంది.

"వచ్చింది కాదమ్మా, వెళ్తోంది!"

కూతురు ముందు సీటులో కూర్చుంది. సీట్లమ్మ వెనక తలుపు తీసింది.

"అక్కడ స్ప్రింగులేగా వదినా, ముందుకు రా. నువ్వు కుట్టిన సీటు ఉండగా..."

ఆమె మడతపెట్టిన దుప్పటి ఒకటి స్ప్రింగుల మీద పరుచుకుని ఎక్కింది. ఆ ఎడమ వెనక చక్రం సరిగ్గా ఆమె కిందే ఉంది. చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంది. వదులైన నట్టుకి ఒక చప్పుడుంటుంది, కటకట, ముందు మెల్లగా, తరవాత తొందరగా.

కారు షెడ్డులోంచి వెలుతురులోకి వచ్చింది. గోడ మీద గొలుసు అలాగే ఉంది. సందులో జనం గుమ్మాల్లోకి వచ్చారు. పెయింటరు బనీనుతోనే పక్కన నడిచాడు. పక్కింటావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది, సీట్లమ్మ బదులు తనే. కటకట వినబడలేదు. సందు మధ్యకి వచ్చారు. వినబడలేదు. కిటికీలోంచి ఆమెకి తన మిషను, వరండాలో స్టూలు, ఆరేసిన తువ్వాలు వెనక్కి వెళ్ళడం కనిపించింది. వినబడలేదు.

మరిదికి ధైర్యం వచ్చింది. ఈల వేస్తూ కాలు కొంచెం గట్టిగా అదిమాడు. సందు మొదట్లో, చెత్తకుప్ప పక్కన, ఎప్పటిదో గొయ్యి ఉంది. పెద్దావిడ ధడేల్మని దిగి లేచింది. వెనక స్ప్రింగులన్నీ ఒకేసారి మూలిగాయి. సీట్లమ్మ తల కప్పుకి తగిలింది.

"కళ్ళు జేబులో పెట్టుకుని నడుపుతున్నావా? అదేమన్నా నీ స్కూలు బస్సనుకున్నావా! పెద్దది, మెల్లిగా పోనీ! ఈ చెత్తెవరు పోశారిక్కడ?"

సందు చివరిదాకా వినబడింది. గుమ్మాల్లో నవ్వబోయినవాళ్ళు నవ్వలేదు. కూతురు వెనక్కి తిరగలేదు, అద్దంలో చూసింది. మరిది ఈల ఆపేశాడు. "సరే వదినా" అని, గేరు మార్చి, నడిచే మనిషి వేగానికి తెచ్చాడు.

ఆమె తల రుద్దుకుంది. నొప్పిగా ఉంది. వేళ్ళ కింద చిన్న బొప్పి కట్టడం తెలిసింది. కారు మలుపు తిరిగింది. ఆమె ఇంకో చెయ్యి చాచి, బొటనవేలు ఒక అంచున ఆనించి, చిటికెనవేలు దాకా సాగదీసి, వెనక సీటు వెడల్పు ఎన్ని జానలుందో కొలవడం మొదలుపెట్టింది.